మోటారుబండి సంగీతమునకు విద్యుత్తంత్రి

కారులో పాట వినువారు గాయకుని పొగడుదురు, స్పీకరును మెచ్చుకొందురు, ధనము మిగిలినవారు యాంప్లిఫయరు పేరు చెప్పి గర్వింతురు. కాని ఇంజను ప్రక్కనున్న బ్యాటరీనుండి బయలుదేరి, కాళ్లక్రింది పరుపుల చాటున ప్రాకుచు, వెనుక డిక్కీలోని యాంప్లిఫయరునకు విద్యుత్తును చేరవేయు లావుపాటి తీగను తలచుకొనువారు మాత్రము అరుదు. ఆ తీగ చరిత్ర నూరేండ్లకు మించినది కాకపోయినను, అందు లోహశాస్త్రమును, వ్యాపారనీతియు విడదీయరానట్లు పెనగొనియున్నవి.

1930లో అమెరికాలోని షికాగో నగరమున పాల్ గాల్విన్ నడుపుచుండిన చిన్న కర్మాగారమువారు, మోటారుబండిలో అమర్చుటకు వీలైన 5టి71 అను రేడియోను వెలువరించి దానికి మోటరోలా అని పేరుపెట్టిరి. తరువాతికాలమున ఆ పేరే సంస్థకును పేరైనది. నాటి రేడియోలు వాల్వులతో పనిచేయునవి. వాల్వులకు నూరు వోల్టులకు మించిన విద్యుత్తు కావలయును. బండిలోని బ్యాటరీ ఇచ్చునదో, 6 వోల్టులే. తొలిదినములలో వేరొక ఎండు బ్యాటరీల పెట్టెను బండిలో దాచి ఆ కొఱతను తీర్చుకొనిరి. పిమ్మట వైబ్రేటరు అను సాధనము వచ్చి, బ్యాటరీ ప్రవాహమును సెకనుకు సుమారు నూరుసార్లు తెంచుచు కలుపుచు ట్రాన్స్‌ఫార్మరులోనికి పంపి, అధిక వోల్టేజిని పుట్టించెడిది. పాట ఆగినను దాని గొణుగుడు ఆగెడిది కాదు. ఇంత ఆర్భాటము చేసినను ఆ రేడియో కోరునది కొద్ది ఆంపియర్లే గనుక, నాటి తీగ సన్నగానే యుండి తనపని తాను చేసికొనిపోయినది.

1950ల నడుమ అమెరికా బండ్లు 6 వోల్టులను విడిచి 12 వోల్టులకు మారినవి. అందులకు ముఖ్యకారణము సంగీతము కాదు. పెద్ద ఇంజనులను తిప్పి లేపుటకు స్టార్టరు మోటారుకు కావలసిన బలము. అయినను తీగకు మాత్రము అది మహోపకారము. తీగలో పుట్టు వేడిమి ప్రవాహము యొక్క వర్గమును అనుసరించునని శాస్త్రజ్ఞుడు జౌల్ 1841లోనే నిరూపించియుండెను. వోల్టేజి రెట్టింపైనచో అదే సామర్థ్యమునకు ప్రవాహము సగమగును, తీగలో నష్టము నాలుగవ వంతునకు దిగును. 1955లో క్రైస్లర్ బండ్లలో ఫిల్కో వారి ట్రాన్సిస్టరు రేడియో వెలసినపిదప వాల్వులును, వాటితో వైబ్రేటరును మూలబడుటకు దారి ఏర్పడినది.

తీగ లావెక్కుటకు వేరొక కారణము రావలసివచ్చెను. 14 వోల్టులకు మించని విద్యుత్తుతో 4 ఓముల స్పీకరును నడిపినచో, ఎంత నేర్పుగా అమర్చినను, దానిలోనికి వక్రత లేకుండ సుమారు 24 వాట్లను మించి పంపుటకు వీలుకాదు. ఇది ఓము సూత్రము గీచిన గీత. గుండెలదరు మంద్రధ్వని కోరువారికి ఇది చాలలేదు. అందుచే బ్యాటరీ వోల్టేజిని తనలోనే పెంచుకొను ప్రత్యేక యాంప్లిఫయరు పుట్టినది. అది స్పీకరు వైపు వోల్టులను పెంచుకొనుచున్నదనగా, బ్యాటరీ వైపు ఆంపియర్లను గుంజుచున్నదని యర్థము.

ఎన్ని ఆంపియర్లు? నిజముగా 1000 వాట్లు వెలువరించు యాంప్లిఫయరు, నూటికి 80 పాళ్ల దక్షతతో పనిచేసినచో, 1250 వాట్లు పుచ్చుకొనవలయును; ఆల్టర్నేటరు తిరుగునపుడు వోల్టేజి 13.8 అనుకొన్నను, తీగలో ప్రవాహము 90 ఆంపియర్లు. బ్యాటరీనుండి డిక్కీవరకు 5 మీటర్లు, తీగ నాలుగు గేజిది, అనగా 21 చదరపు మిల్లీమీటర్ల రాగి యనుకొందము. దాని నిరోధము ఓములో వేయింట సుమారు నాలుగు వంతులు. ఈ అల్పనిరోధమే దాదాపు 0.37 వోల్టును మ్రింగి 33 వాట్ల వేడిమిని పరుపుల క్రింద చిమ్మును. అదికూడ చల్లని దినపు లెక్క. రాగి నిరోధము డిగ్రీకి నూటికి 0.39 చొప్పున పెరుగును. మే నెలలో విజయవాడ వీధిలో నిలిపిన బండి నేలభాగము 60 డిగ్రీలకు కాగినచో, 20 డిగ్రీల లెక్కకు మఱి నూటికి 16 చేర్చుకొనవలయును.

ఇక లోహముల మాట. వాహకతలో వెండిది అగ్రస్థానము, రాగి దానికి మిక్కిలి చేరువ. వెండితీగవలన కొనువాని ధనమునకు నష్టమే గాని చెవికి లాభము లేదు. 1886లో హాల్, హెరూల్ట్ అను యువకులు వేర్వేరు దేశములలో ఒకే యేట కనుగొన్న విద్యుద్విశ్లేషణ పద్ధతిచే అల్యూమినియము చౌకయై తీగల లోకమున ప్రవేశించెను. దాని వాహకత రాగిలో నూటికి 61 పాళ్లు, సాంద్రతయో మూడవ వంతునకు స్వల్పముగా తక్కువ. కనుక తీగ మధ్యచ్ఛేదపు వైశాల్యమును 1.6 రెట్లు చేసినచో రాగితో సమానముగా విద్యుత్తును మోయును, బరువు మాత్రము సగమే యుండును. స్తంభములపై సాగు మహావిద్యుత్పంక్తులు అల్యూమినియమునే ఆశ్రయించుట యిందువలననే. లోహము నీచమైనది కాదు. దానికి న్యాయముగా చెందవలసిన వైశాల్యమును ఎగవేయుటయే నీచము.

అల్యూమినియముపై రాగిపూత వేసిన తీగను అంగడివారు సి.సి.ఏ. అందురు. టెలివిజన్ కేబుల్ నడితీగగా ఇది సార్థకమైన కల్పన. అధిక పౌనఃపున్యమున విద్యుత్తు తీగ ఉపరితలమునే పట్టుకొని పోవును గనుక అచ్చట పైపూత రాగి ఐతే చాలును. బ్యాటరీ విద్యుత్తు అట్టిది కాదు. తీగ మధ్యచ్ఛేదమంతయు నిండి ప్రవహించును. పదింట ఒకవంతో, కొంచె మెక్కువయో రాగియున్న ఆ తీగకు రాగిలో మూడింట రెండువంతుల వాహకత దాటదు. మనము వేసిన లెక్కలో 0.37 వోల్టు 0.55 అగును, 33 వాట్ల వేడిమి 50 వాట్లగును.

ఓ.ఎఫ్.సి. అని రెట్టింపు వెలకు అమ్మబడు ఆమ్లజని లేని రాగిని గురించి కూడ ఒక మాట చెప్పవలసియున్నది. మామూలు విద్యుత్ రాగికిని దీనికిని వాహకతలో భేదము నూటికి ఒకటిని మించదు. హైడ్రోజను వాయువులో కాల్చినపుడు పెళుసుబారకుండుటయే దీని అసలు సుగుణము, అది మన బండిలో సంభవించునది కాదు. ఐనను అంగడిలో ఆ మూడక్షరములకు వేరొక ప్రయోజనము కలదు: లోపల నిజముగా రాగియే యున్నదని అమ్మువాడు ఒప్పుకొన్నట్లు. అందుచేత నేను దానిని తృణీకరింపను, దానివలన పాట తియ్యనగునని మాత్రము నమ్మను.

మోసము గేజి అంకెలో దాగియుండును. కొన్ని తీగలకు దళసరి తొడుగు తొడిగి, లోపలి లోహమును తగ్గించి, పైన మాత్రము పెద్ద గేజి ముద్రింతురు. చదరపు మిల్లీమీటర్లు అడిగి కొనుట మేలు. అనుమానమున్న పోగును చాకుతో గీరవలయును. లోపల తెల్లగా మెరసినచో అల్యూమినియము. తగరపుపూత వేసిన రాగితీగ పైకి తెల్లగా నుండును, గీరినచో ఎఱ్ఱబడును. అది మంచిదే, తేమకు తట్టుకొనును. తూకము ఇంకను నమ్మదగినది: ఆ 5 మీటర్ల తీగలో రాగి 940 గ్రాములు తూగవలసియుండగా, సి.సి.ఏ. తీగలోని లోహము 400 గ్రాములకు లోపే.

అల్యూమినియమునకు కొనల దగ్గర వేరొక చిక్కు. గాలి సోకిన క్షణమున దానిపై విద్యుద్బంధకమైన ఆక్సైడు పొర యేర్పడును. బిగించిన మరక్రింద ఆ లోహము మెల్లగా సాగి వదులగును. వేడికి రాగికంటె ఎక్కువగా వ్యాకోచించును. 1960, 70లలో అమెరికాలో అల్యూమినియపు తీగలు వేసిన ఇండ్లలో అతుకులు కాగి అగ్నిప్రమాదములు జరుగుటకు ఇట్టి గుణములే కారణములు. నిత్యము అదరు బండిలో ఈ భయము హెచ్చు. కనుక తీగకొనకు తొడుగు లగ్గును యంత్రముతో గట్టిగా నొక్కించవలయును, ఛాసిస్‌కు బిగించు తిరుగుతీగ కొననున్న రంగును ఇనుము కనబడువరకు గీకించవలయును. ఆ తిరుగుతీగ రాక తీగకంటె సన్నమైనచో పైన పెట్టిన వ్యయమంతయు వృథా.

ఫ్యూజు బ్యాటరీకి ఎంత చేరువనున్న అంత క్షేమము. 45 సెంటీమీటర్లు దాటరాదని ఈ పనివారి నియమము. యాంప్లిఫయరును కాపాడుటకు దానిలోనే వేరొక ఫ్యూజు ఉండును, బ్యాటరీ కడనున్నది కాపాడవలసినది తీగను. కావున దాని విలువ తీగ మోయగల ఆంపియర్లను మించరాదు. రాగికని లెక్కించిన ఫ్యూజును అదే లావుగల సి.సి.ఏ. తీగకు తగిలించినచో, దీర్ఘకాలము అధికప్రవాహము సాగిన వేళ, ఫ్యూజు తెగుటకు ముందే తొడుగు మెత్తబడి కరుగుట సంభవము.