క్లచ్చి చెప్పిన సంధి పాఠం

మొన్న ఫిరంగిపురం దగ్గర మా ఊరు వెళ్ళేసరికి మిరప టిక్కీలు గుంటూరు యార్డుకు సిద్ధంగా ఉన్నాయి. పాత ట్రాక్టరు మాత్రం మొరాయించింది. గేరు వెయ్యబోతే కటకటమని పళ్ళు కొరుకుతోంది.

"గేరుబాక్సు పోయిందిరా. విప్పిస్తే అప్పే గతి," అన్నాడు అన్నయ్య.

ముసలి మెకానిక్కు వచ్చి ముందు ఇంజను ఆపించాడు. గేర్లన్నీ మెత్తగా పడ్డాయి!

"గేర్లకేం కాలేదు మేష్టారూ. తొక్కినా క్లచ్చి విడవటంలేదు," అన్నాడు.

తెలుగు పంతుల్ని కదా, నాకు సంధులు గుర్తొచ్చాయి. పెడల్ మీద కాలు తీస్తే క్లచ్చి పలక ఫ్లైవీలును పట్టుకోవాలి, తొక్కితే వదలాలి. పెడల్‌కు వదులు ఎక్కువైతే పలక పూర్తిగా విడవదు, గేర్లు అరుస్తాయి. వదులు బొత్తిగా లేకపోతే గట్టిగా కలవదు. నల్లరేగడిలో ఇంజను రొదేగాని బండి లాగదు, కమురు వాసన వేస్తుంది. ఊరికే పెడల్ మీద కాలానించి నడిపినా పలక అరుగుతుంది. వానాకాలమంతా కదలని బండిలో తుప్పుపట్టి అతుక్కుపోవడమూ కద్దు.

మా బండికి వచ్చిన జబ్బు వదులే. రాడ్డు సరిచేసి, బండి పుస్తకంలోని కొలతకు తెచ్చాడు. గేరు చప్పుడు లేకుండా పడింది. పొద్దుగూకకముందే టిక్కీలు కదిలాయి.

గేరుబాక్సు విప్పించబోయే రైతు సోదరులు ముందొకసారి ఇంజను ఆపి గేరు వేసి చూడండి. మా అన్నయ్యకు తప్పిన అప్పు మీకూ తప్పవచ్చు.