నవ్వుల సీరియల్లో వెనక వినిపించే ఆ సంగీతం ఎవరిది?

 

టీవీలో సినిమా పాట వస్తే ఏ సినిమాదో, ఎవరు పాడారో మనలో ఎవరైనా టక్కున చెప్పేస్తాం. కానీ హాస్య సీరియల్లో ఒకడు తెల్లమొహం వేసినప్పుడు వెనకాల ఓ చిన్న సంగీతం ముక్క వస్తుంది చూడండి, అది ఎవరు కట్టారంటే మాత్రం ఎవ్వరం చెప్పలేం. నాకు మొదట్నుంచీ పాటల కన్నా ఈ ముక్కల మీదే ధ్యాస ఎక్కువ. వాటి జాడ ఎలా పట్టుకోవాలో నాకు తెలిసినంతవరకు ఈ వ్యాసంలో వివరిస్తాను.

సిట్‌కామ్ అనగా అవే మనుషులు, అదే ఇల్లు, వారం వారం ఓ కొత్త చిక్కు, దాంతో పుట్టే నవ్వు. ఇలాంటి సీరియల్‌కు సంగీతం మూడు దారుల్లో వస్తుంది.

ఒకటి: ఆ సీరియల్ కోసమే సంగీత దర్శకుణ్ణి పెట్టుకొని కట్టించుకోవడం. ఇలాంటప్పుడు చివర్లో పేర్లు పడేటప్పుడు ఆయన పేరు కనిపిస్తుంది. వెతికే పని లేదు.

రెండు: పాతకాలపు సంగీతం తీసుకోవడం. హక్కుల గడువు తీరిపోయిన స్వరరచనకు ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. ఇంగ్లాండులో 1969లో మొదలైన మాంటీ పైథాన్ హాస్య కార్యక్రమం ముందు వచ్చే బ్యాండు మేళం, అమెరికా సంగీతకారుడు సూసా 1893లో రాసిన 'లిబర్టీ బెల్' అనే కవాతు సంగీతం. ఆయన రాసింది కవాతు సంగీతం. వీళ్ళు వాడింది నవ్వు కోసం!

మూడోది అన్నిటికన్నా చిక్కైనది. దాన్ని లైబ్రరీ సంగీతం అంటారు. మన లైబ్రరీలో పుస్తకాలు ఉన్నట్టే, కొన్ని కంపెనీల దగ్గర సంగీతం ముక్కలు సిద్ధంగా ఉంటాయి. "ఇది నవ్వుకు, ఇది ఏడుపుకు, ఇది దొంగ నడకకు" అని వర్గాలుగా విడదీసి పెడతారు. టీవీ వాళ్ళు వచ్చి రుసుము కట్టి, కావలసింది వాడుకుంటారు. లండన్‌లో డి వోల్ఫ్ అనే కంపెనీ 1909లోనే మొదలైంది. అప్పటికి సినిమాకు మాటే లేదు! అలాంటి సినిమాలు ఆడేచోట వాయించడానికి వాళ్ళు స్వరాల కాగితాలు ఇచ్చేవారు. తరువాత రికార్డులు వచ్చాయి. ఆ రికార్డులు మామూలు షాపుల్లో అమ్మేవి కావు, టీవీ, సినిమా వాళ్ళకే వెళ్ళేవి. అందుకే ఆ సంగీతం కోట్లమంది చెవిన పడినా కట్టినవాడి పేరు ఎవరికీ తెలియకుండా పోయింది.

ఒక నిజమైన ఉదాహరణ

సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు ఫోన్లో ఈ రకం వీడియోలు మీరు చూసే ఉంటారు. ఒకడు గొప్పకు పోయి బోర్లా పడతాడు. బొమ్మ అక్కడే ఆగిపోతుంది. లావు గొంతుతో ఓ బూర "బొం బొం" అంటుంది. తెర మీద 'దర్శకుడు రాబర్ట్ బి. వైడీ' అని ఇంగ్లీషులో పడుతుంది. ఆ పడినవాడికీ ఈ దర్శకుడికీ ఏ సంబంధమూ లేదు. ఆ అక్షరాలు, ఆ సంగీతం రెండూ 'కర్బ్ యువర్ ఎంథూజియాజం' అనే అమెరికా హాస్య సీరియల్‌వి. ఇది 2000లో మొదలై 2024లో ముగిసింది. మొత్తం 12 భాగాలు, 120 ఎపిసోడ్లు.

దీన్ని తయారుచేసింది లారీ డేవిడ్. ఈయన అంతకు ముందు జెర్రీ సైన్‌ఫెల్డ్‌తో కలిసి 'సైన్‌ఫెల్డ్' అనే పేరుమోసిన సిట్‌కామ్‌ను సృష్టించాడు. తన కొత్త సీరియల్ మొదలవడానికి కొన్నేళ్ళ ముందు ఒక బ్యాంకు ప్రకటనలో ఈ ముక్క ఆయన చెవిన పడింది. నచ్చింది. అదేమిటో కనుక్కోమని తన సహాయకురాలికి చెప్పాడు. కనుక్కుంటే తేలింది ఏమిటంటే, దాని పేరు 'ఫ్రోలిక్', అంటే ఉల్లాసంగా గంతులేయడం. కట్టినవాడు ఇటలీకి చెందిన లుచియానో మికెలీని. 1974లో వచ్చిన 'లా బెల్లిస్సిమా ఎస్టాటే' అనే ఇటలీ సినిమా కోసం దాన్ని కట్టాడు.

దారి చూడండి మిత్రులారా! ఇటలీ సినిమాలో పుట్టి, సంగీతం లైబ్రరీకి చేరి, అమెరికాలో బ్యాంకు ప్రకటనలోకి వెళ్ళి, 26 ఏళ్ళకు సీరియల్‌కు ముఖగీతం అయి, ఇప్పుడు మన ఊళ్ళలో ఫోన్లదాకా వచ్చింది. సినిమాను జనం మరిచారు, ముక్క మిగిలింది.

జాడ పట్టే పద్ధతి

1. మాటలు లేనిచోటు వినాలి. పాత్రలు మాట్లాడేటప్పుడు సంగీతం తగ్గించేస్తారు. సీను మారేచోట రెండు మూడు సెకన్లు అది ఒక్కటే వినిపిస్తుంది. పట్టుకుంటే అక్కడే పట్టుకోవాలి.

2. వాయిద్యాలు గుర్తుపట్టాలి. 'ఫ్రోలిక్'లో ట్యూబా, మాండలిన్ వినిపిస్తాయి. ట్యూబా అంటే బ్యాండు మేళంలో అన్నిటికన్నా లావు గొంతున్న పెద్ద బూర. మాండలిన్ అంటే మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు లోకమంతా వినిపించిన తీగల వాయిద్యం. వాయిద్యం తెలిస్తే ఏ దేశం, ఏ కాలం అనే ఊహ దొరుకుతుంది.

3. ఫోన్‌ను అడగాలి. షాజామ్ అనేది ఇంగ్లాండులో 2002లో మొదలైంది. అప్పట్లో 2580కి ఫోన్ చేసి, పాట దగ్గర ఫోన్ పట్టుకుంటే, పాట పేరు మెసేజ్‌లో వచ్చేది. ఫోన్ మీటల్లో మధ్య వరస పైనుంచి కిందికి చదవండి, అదే ఆ నంబరు! అది పనిచేసే తీరు మనకు తేలిగ్గా అర్థమవుతుంది. రాత్రి ఆకాశంలో చుక్కలన్నీ లెక్కపెట్టం గదా, బాగా మెరిసే ఏడు చుక్కల అమరిక చూసి సప్తర్షి మండలం అంటాం. అలాగే ఆ యంత్రం శబ్దంలో గట్టిగా ఉన్న బిందువులనే ఏరుకొని, ఏది ఎంతసేపటికి వచ్చిందో ఆ అమరికను తన దగ్గరున్న పాటల అమరికలతో పోలుస్తుంది. పల్చటి మబ్బు పట్టినా పెద్ద చుక్కలు కనబడినట్టే, చుట్టూ గోల ఉన్నా అది పోల్చుకోగలదు.

మరి అది ఎందుకు తప్పుతుంది? ఆ ముక్క దాని ఖాతాలో లేకపోతే చెప్పలేదు. అదే స్వరాన్ని వేరే మేళం వాయిస్తే చుక్కల అమరిక మారిపోతుంది. మనం కూనిరాగం తీసినా అంతే. కూనిరాగంతో వెతికే వేరే ఏర్పాటును గూగుల్ 2020లో తెచ్చింది. అది చుక్కలను కాదు, రాగం ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది అని చూస్తుంది.

4. క్యూ షీటు. దీనికి మించిన సాక్ష్యం లేదు. ప్రతి ఎపిసోడ్‌కు ఏ ముక్క, ఎవరు కట్టింది, హక్కు ఎవరిది, ఎన్ని సెకన్లు వాడారు అని రాసే కాగితం ఇది. దీన్నిబట్టే హక్కుల సంఘాలు సంగీతకారుడికి డబ్బు పంచుతాయి. మన దేశంలో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ 1969 నుంచి ఉంది.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు మాట ఉంది. "రెండు సెకన్ల సంగీతం ఎవరిదైతే ఏమిట్రా" అని కొందరు నవ్వుతారు. కాని ఆ కాగితంలో పేరు పడకపోతే కట్టినవాడికి రావలసిన కూలి రాదు. పొలంలో కూలికి పోయినవాళ్ళ పేర్లు మేస్త్రీ పుస్తకంలో రాయకపోతే ఏమవుతుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఇదీ అంతే. పేరు వెతకడం సరదా పనే గాని, సరదా ఒక్కటే కాదు.

కాబట్టి నాదొక మనవి. మన వార్షికోత్సవంలో వేసే నాటికలకు కూడా ఒక క్యూ షీటు రాద్దాం. ఏ సీనులో ఏ సంగీతం, ఎవరిది, తెర వెనక డోలు ఎవరు కొట్టారు, పిల్లనగ్రోవి ఎవరు ఊదారు అన్నీ రాసి ఈ గోడపత్రిక పక్కనే అంటిద్దాం. వేషం కట్టినవాడికి చప్పట్లు ఎలాగూ వస్తాయి. వెనకాల కూర్చొని వాయించినవాడికి కనీసం పేరైనా దక్కాలి. వార్డెన్ సారు అనుమతిస్తే కాగితం, స్కెచ్ పెన్నులు నేను తెస్తాను.