కణంలో పూర్ణవిరామాలు

వాక్యాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలిస్తే చాలదు. ఎక్కడ ముగించాలో కూడా తెలియాలి. జీవకణం మాంసకృత్తులను తయారుచేసే విధానానికీ ఇదే నియమం వర్తిస్తుంది. రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌నే తీసుకుంటే, దాని బీటా గొలుసులో 146, ఆల్ఫా గొలుసులో 141 ఎమైనో ఆమ్లాలు వరుసగా కూర్చబడి ఉంటాయి. బీటా గొలుసు 38వ ఆమ్లం దగ్గరే ఆగిపోతే ఒక రోగం. ఆల్ఫా గొలుసు 141 దగ్గర ఆగకుండా సాగిపోతే మరొక రోగం. ఈ రెండు అనర్థాలూ అర్థం కావాలంటే ముందుగా కణం పూర్ణవిరామాన్ని ఎలా గుర్తిస్తుందో చూడాలి.

మూడు విరామ చిహ్నాలు

జన్యువులోని ఆదేశం వార్తాహర ఆర్.ఎన్.ఏ. అనే నకలు రూపంలో కేంద్రకం నుండి వెలుపలికి వస్తుంది. అందులో అక్షరాలు నాలుగే: ఎ, యు, జి, సి. రైబోజోము అనే యంత్రం వీటిని మూడేసి చొప్పున చదువుతుంది. నాలుగు అక్షరాలతో 64 త్రికాలు ఏర్పడతాయి. వాటిలో 61 ఎమైనో ఆమ్లాలను సూచిస్తాయి. మిగిలిన మూడూ – యు.ఎ.జి., యు.ఎ.ఎ., యు.జి.ఎ. – విరామ చిహ్నాలు. వీటికి పరిశోధకులు సరదాగా ఆంబర్, ఓకర్, ఓపల్ అని పేర్లు పెట్టుకున్నారు. ఆంబర్ అంటే తృణమణి. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ పరిశోధనశాలలో పనిచేసిన హారిస్ బెర్న్‌స్టైన్ ఇంటిపేరుకు జర్మను భాషలో అర్థం అదే. ఆ పేరు నిలిచిపోగా మిగిలిన రెండూ దాని వరుసలో వచ్చాయి.

ఎమైనో ఆమ్లాన్ని సూచించే ప్రతి త్రికానికీ తగిన ఆమ్లాన్ని మోసుకువచ్చే చిన్న ఆర్.ఎన్.ఏ. ఒకటి ఉంటుంది. విరామ త్రికాలకు అటువంటి వాహకం లేదు. వాటిని గుర్తించేది ఒక మాంసకృత్తి అని మారియో కపెక్కి 1967లో నిరూపించాడు. మానవ కణంలో ఈ విమోచక మాంసకృత్తి ఒక్కటే మూడు చిహ్నాలనూ గుర్తిస్తుంది. దాని ఆకారం వాహక ఆర్.ఎన్.ఏ.ను పోలి ఉంటుంది కనుక రైబోజోములో అదే స్థానంలో ఇమిడిపోతుంది. అయితే అది తెచ్చేది ఎమైనో ఆమ్లం కాదు; ఒక నీటి అణువుకు దారి కల్పిస్తుంది. ఆ నీటి అణువు గొలుసుకూ చివరి వాహకానికీ మధ్యనున్న బంధాన్ని తెంచుతుంది. పూర్తయిన గొలుసు విడుదలవుతుంది. తరువాత రైబోజోము రెండు ముక్కలుగా విడిపోయి మరొక సందేశాన్ని చదవడానికి సిద్ధమవుతుంది.

ఆదిలోనే హంసపాదు

జన్యువులో ఒక్క అక్షరం మారినా విరామ చిహ్నం ఉండకూడని చోట పుట్టవచ్చు. మధ్యధరా ప్రాంతంలో, ముఖ్యంగా సార్డీనియా ద్వీపంలో, ఎక్కువగా కనిపించే బీటా థలసీమియాకు ఇటువంటి మార్పే కారణం. అక్కడ బీటా జన్యువులోని 39వ త్రికం సి.ఎ.జి.కి బదులు యు.ఎ.జి. అయింది. అసంపూర్ణమైన గొలుసులు పేరుకుపోతాయని ఎవరైనా ఊహిస్తారు. కాని ఇటువంటి రోగుల కణాలలో బీటా సందేశమే అత్యల్పంగా కనిపిస్తుంది. లిన్ మక్వాట్ బృందం 1981లో దీనికి కారణం చూపింది: సందేశం తయారవుతోంది, కాని త్వరగా నాశనమవుతోంది.

తప్పుడు విరామాన్ని కణం ఎలా పసిగడుతుంది? జన్యువులో అర్థవంతమైన భాగాల నడుమ అక్కరలేని భాగాలు ఉంటాయి. సందేశం తయారయ్యేటప్పుడు కణం వాటిని కత్తిరించి మిగిలిన ముక్కలను అతుకుతుంది. ప్రతి అతుకుకూ 20 నుండి 24 అక్షరాల ముందు ఒక మాంసకృత్తుల గుంపు ముద్రలా అంటుకుని ఉంటుంది. మొదటిసారి చదివే రైబోజోము దారిలోని ఈ ముద్రలన్నింటినీ తొలగించుకుంటూ పోతుంది. అసలైన విరామం సాధారణంగా చివరి అతుకు దాటిన తరువాతే వస్తుంది కనుక అక్కడికి చేరేసరికి ముద్రలేవీ మిగలవు. ముందే ఆగిపోతే, ఆవల ఒక ముద్ర మిగిలిపోతుంది. అదే సాక్ష్యం. అప్పుడు యు.పి.ఎఫ్.1 అనే మాంసకృత్తి ఉత్తేజితమై విచ్ఛేదక ఎంజైములను రప్పిస్తుంది. అవి సందేశాన్ని ముక్కలు చేసి అక్షరాలుగా విడగొడతాయి.

ఈ శుభ్రత వల్ల మేలేమిటో ప్రకృతే చూపింది. ఒక జన్యువులో 39వ త్రికం మారి, రెండవది సవ్యంగా ఉన్నవారు దాదాపు ఆరోగ్యంగానే ఉంటారు. కాని తప్పుడు విరామం 121వ త్రికం వద్ద, అంటే చివరి అతుకు దాటిన తరువాత ఏర్పడితే, తనిఖీకి చిక్కదు. కురచ గొలుసులు తయారై, ఎర్ర కణాలుగా మారవలసిన కణాలలో పేరుకుని హాని చేస్తాయి. ఒక్క జన్యువు చెడినా రోగం బయటపడుతుంది.

ఆగవలసిన చోట ఆగకపోతే

దీనికి విపర్యయం హీమోగ్లోబిన్ కాన్‌స్టంట్ స్ప్రింగ్. జమైకాలోని ఒక ప్రాంతం పేరు ఇది. అక్కడి చైనా సంతతి కుటుంబంలో ఈ లోపం బయటపడింది. ఆల్ఫా జన్యువు విరామం యు.ఎ.ఎ. కాస్తా సి.ఎ.ఎ.గా మారడంతో, గొలుసు మరో 31 ఆమ్లాలు సాగి 172 అవుతుంది. సందేశం కూడా నిలకడ కోల్పోతుంది. ఆగ్నేయాసియాలో ఈ లోపం ఎక్కువ. విరామమే పూర్తిగా లేని సందేశాల చివర రైబోజోము చిక్కుకుపోతుంది. అటువంటి సందేశాలను పట్టి నాశనం చేసే మరొక ఏర్పాటు ఉందని 2002లో వెల్లడైంది.

చికిత్స, జాగ్రత్త

తప్పుడు విరామాన్ని రైబోజోము దాటిపోయేలా చేసే మందుల కోసం చాలాకాలంగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. కండరాలు క్షీణించే డుషేన్ వ్యాధికి అటాల్యూరెన్ అనే మందును ఐరోపా 2014లో షరతులపై అనుమతించింది. ప్రయోజనం తగినంతగా రుజువు కాలేదని 2025లో ఆ అనుమతిని పునరుద్ధరించలేదు. ఇందులో చిక్కు రెండు విధాలు: దాటించవలసిన సందేశాన్ని కణం ముందే నాశనం చేస్తుంది, దాటకూడని అసలు విరామాలను మందు చెరపకూడదు.

థలసీమియా భారతీయులలోనూ ఉంది. భారతదేశంలో కనిపించే మార్పులలో 15వ త్రికం విరామంగా మారడం ఒకటి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రోగం వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. తీవ్రమైన రోగం ఉన్న బిడ్డకు కొన్ని వారాలకొకసారి జీవితాంతం రక్తం ఎక్కించవలసి రావచ్చు. వాహకులు సాధారణంగా ఆరోగ్యంగా ఉండటం వల్ల వారికి ఆ సంగతే తెలియదు. కొద్దిపాటి రక్తహీనతను ఇనుము లోపమని పొరబడటమూ కద్దు. రక్తకణాల లెక్క, హీమోగ్లోబిన్ ఎ2 పరీక్ష కలిపి చేయిస్తే చాలావరకు సంగతి తేలుతుంది. జాతకాలు చూసే ఇళ్ళలో ఈ చిన్న రక్తపరీక్షకూ చోటివ్వడం పుట్టబోయే బిడ్డలకు ఎంతో మేలు.