ముఖం చూపని వీడియో, లెక్క చూపాల్సిన కమీషన్

వీడియోలో రెండు చేతులు మాత్రమే కనిపిస్తాయి. గ్యాస్ పొయ్యి మీద పేరుకున్న జిడ్డును ఒక బ్రష్షు ఇట్టే వదిలిస్తుంది. లేదా ఒక చిన్న పరికరం నిమిషంలో కొబ్బరి తురిమేస్తుంది. ముప్పై సెకన్లలో వీడియో అయిపోతుంది. చివర్లో 'లింకు బయోలో ఉంది' అన్న మాట. తీసినవారి ముఖం కనిపించదు, పేరు తెలియదు. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో, యూట్యూబ్ షార్ట్స్‌లో ఇలాంటివి రోజూ చూస్తూనే ఉన్నాం. ఆ లింకు నొక్కి ఎవరైనా వస్తువు కొంటే వీడియో తీసినవారికి కొంత కమీషన్ అందుతుంది. దీన్నే అఫిలియేట్ మార్కెటింగ్ అంటున్నారు.

ఇంట్లోనే ఉండి చేసుకోవచ్చు. కెమెరా ముందు నిలబడే బెరుకు అక్కర్లేదు. పెట్టుబడి తక్కువ. అందుకే గృహిణులకు, కాలేజీ పిల్లలకు, పదవీ విరమణ చేసినవారికి దీనిమీద ఆసక్తి కలగడం సహజం. ఇది చేయదగ్గ పనే. అయితే ప్రభుత్వ రంగ బ్యాంకు ఉద్యోగి ఇంట్లో దీన్ని మొదలుపెట్టేవారు ఒక సంగతి ముందే గ్రహించాలి. చూసేవారికి మన ముఖం కనిపించకపోయినా ఫరవాలేదు. కమీషన్ ఇచ్చే కంపెనీకి, ఆదాయపు పన్ను శాఖకు, ఉద్యోగమిచ్చిన బ్యాంకుకు మాత్రం ఆ పని ఎవరు చేస్తున్నారో తెలిసి ఉండాలి.

లింకు ఎలా పనిచేస్తుంది?

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెజాన్ తన అసోసియేట్స్ పథకాన్ని 1996లోనే ప్రారంభించింది. పథకంలో చేరినవారికి ఒక గుర్తింపు కోడ్ ఇస్తారు. వారు పంచే ప్రతి లింకులోనూ ఆ కోడ్ ఉంటుంది. కొనుగోలుదారు లింకు నొక్కిన తర్వాత నిర్ణీత సమయంలో, అమెజాన్‌లోనైతే సాధారణంగా 24 గంటల్లోపు, ఆర్డరు పెడితే కమీషన్ లెక్కలోకి వస్తుంది. వస్తువు వెనక్కి పంపేస్తే కమీషన్ కూడా వెనక్కి పోతుంది. మన లింకుతో మనమే కొనుక్కుంటే ఏమీ రాదు. కొత్తగా చేరినవారు 180 రోజుల్లో కనీసం 3 అమ్మకాలు చూపలేకపోతే ఖాతా మూసేస్తారు. ఒక నెల సంపాదించిన కమీషన్ చేతికి రావడానికి ఆ నెల ముగిశాక దాదాపు రెండు నెలలు పడుతుంది.

మన దేశంలో టిక్‌టాక్‌ను 2020 జూన్‌లో నిషేధించారు. అదే ఏడాది రీల్స్, షార్ట్స్ ఇక్కడికి వచ్చాయి. 2024 అక్టోబరులో యూట్యూబ్ సంస్థ ఫ్లిప్‌కార్ట్, మింత్రాలతో కలిసి షాపింగ్ అఫిలియేట్ కార్యక్రమాన్ని మన దేశంలో ప్రవేశపెట్టింది. అర్హత ఉన్న ఛానెళ్లు వీడియోలోనే వస్తువును ట్యాగ్ చేయవచ్చు. ఇంగ్లీషులో దొరికే పాఠాల్లో చాలావరకు 'టిక్‌టాక్ షాప్' చుట్టూ తిరుగుతాయి. ఆ దుకాణం మనకు లేదు కాబట్టి ఆ పాఠాలకు డబ్బు కట్టడం వృథా.

ఇంకో చిక్కు ఉంది. షార్ట్స్ వివరణలోనూ, కామెంట్లలోనూ పెట్టిన లింకులు 2023 ఆగస్టు నుంచి నొక్కితే తెరుచుకోవు. ఇన్‌స్టాగ్రామ్ రీల్ కింద రాసే వాక్యాల్లోనూ అంతే. చూసినవారు ప్రొఫైల్‌లోకి వెళ్లి, అక్కడి లింకు వెతుక్కుని, వస్తువు దగ్గరికి చేరాలి. ఒక్కో మెట్టు దగ్గర కొందరు ఆగిపోతారు.

కాగితం మీద ఒక లెక్క

ఊహల్లో తేలకుండా ఒక లెక్క వేసుకుందాం. ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలే. వస్తువు ధర 600 రూపాయలు, కమీషన్ 5 శాతం అనుకుంటే ఒక అమ్మకానికి 30 రూపాయలు. వీడియోను 10,000 మంది చూశారు. వారిలో నూటికి ఒకరు లింకు దాకా వచ్చారు, అంటే 100 మంది. అందులో ముగ్గురు కొన్నారు. ఒకరు వెనక్కి పంపారు. చివరికి మిగిలింది 60 రూపాయలు. చూపించడానికి ఆ వస్తువును మనం 600 పెట్టి కొని ఉంటే, ఆ ఖర్చు రాబట్టుకోవడానికే 20 అమ్మకాలు కావాలి.

కమీషన్ శాతం వస్తువును బట్టి మారుతుంది. కొన్ని వీడియోలు లక్షల మందికి చేరతాయి, చాలావాటిని వందల మంది కూడా చూడరు. కాబట్టి దీన్ని నెల జీతంలా ఊహించుకుని ఈఎంఐలు పెట్టుకోకూడదు. మొదటి ఆరు నెలలు నేర్చుకునే కాలం అనుకోవడం మంచిది. ఇంట్లో ఇప్పటికే వాడుతున్న వస్తువులతో మొదలుపెడితే ఖర్చు ఉండదు, చెప్పే మాటలో నిజమూ ఉంటుంది. కుక్కర్ గాస్కెట్ ఎప్పుడు మార్చాలి, వెట్ గ్రైండర్‌లో ఎంత పప్పు పడుతుంది, మిక్సీ జారు ఎలా శుభ్రం చేయాలి వంటి ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే వీడియో చూసేవారికి పనికొస్తుంది.

ఇతరుల వీడియోలు దించుకుని, పైన కంప్యూటర్ గొంతు పెట్టి వదిలే దారి మాత్రం ఎంచుకోకూడదు. అది కాపీరైటు ఉల్లంఘన. పైగా ఒకే మూసలో గుంపగుత్తగా తయారుచేసిన వీడియోలకు ఆదాయ అర్హత ఉండదని యూట్యూబ్ 2025 జులైలో తన నిబంధనను మరింత స్పష్టం చేసింది.

ఉద్యోగి ఇంట్లో గుర్తుంచుకోవాల్సినది

ఇతర కుటుంబాలకు లేని నిబంధన మనకు ఉన్నది ఇక్కడే. ప్రభుత్వ రంగ బ్యాంకుల అధికారుల ప్రవర్తన నియమావళి ప్రకారం అధికారి ముందస్తు అనుమతి లేకుండా ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ వ్యాపారం చేయకూడదు, వేరే ఉద్యోగమూ చేయకూడదు. కుటుంబ సభ్యులు ఎవరైనా వ్యాపారం చేస్తున్నా, బీమా ఏజెన్సీ లేదా కమీషన్ ఏజెన్సీ నడుపుతున్నా ఆ సంగతి అధికారి బ్యాంకుకు తెలియజేయాలి. భార్యో మరో కుటుంబ సభ్యులో నడిపే అలాంటి ఏజెన్సీ కోసం అధికారి స్వయంగా ప్రచారం చేయడం కూడా నియమ ఉల్లంఘనే. అవార్డు సిబ్బంది విషయంలోనూ ఇంతే. 2002 ఏప్రిల్ 10 నాటి ద్వైపాక్షిక ఒప్పందం ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా విధులకు బయట వ్యాపారం చేయడం తీవ్ర దుష్ప్రవర్తన కిందికి వస్తుంది.

రీల్స్, షార్ట్స్ రాకముందు రాసిన నియమాలు ఇవి. 'అఫిలియేట్' అనే మాట వాటిలో కనిపించకపోవచ్చు. కానీ ఒకరి వస్తువును మరొకరికి అమ్మించి కమీషన్ తీసుకోవడమే ఈ పని సారాంశం. కాబట్టి కుటుంబ సభ్యులు మొదలుపెడుతుంటే ఉద్యోగి ఒక పేజీ లేఖ ద్వారా సంబంధిత అధికారికి తెలియజేసి, రసీదు ప్రతిని దాచుకోవడం క్షేమం. ఉద్యోగి స్వయంగా చేయదలచుకుంటే ముందు అనుమతి రావాలి, ఆ తర్వాతే ఖాతా తెరవాలి.

రోజువారీ జీవితంలో పొరపాటు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. ఇంట్లోవారి లింకును ఉద్యోగి తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం, బ్రాంచి సిబ్బంది గ్రూపులో పంచడం, కౌంటరు దగ్గరికి వచ్చిన ఖాతాదారుకు చెప్పడం ప్రచారం కిందికే వస్తాయి. వీడియోలో బ్యాంకు ఆవరణ, గుర్తింపు కార్డు, లోగో కనిపించకూడదు. ఖాతాదారుల ఫోను నంబర్ల జోలికి అసలే పోకూడదు. పని చేసేది ఉద్యోగి, ఖాతా మాత్రం భార్య లేదా తల్లి పాన్ మీద అన్న ఏర్పాటు మరీ ప్రమాదం. ఎవరు పని చేస్తారో వారి పేరు, వారి పాన్, వారి బ్యాంకు ఖాతా ఉండాలి.

ప్రకటన అని చెప్పి తీరాలి

కమీషన్ వచ్చే వీడియో ప్రకటనే. ఆ సంగతి చూసేవారికి తెలియాలి. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మరింత వివరంగా చెప్పింది. వస్తువు అమ్మేవారితో మనకు డబ్బు, బహుమతి, కమీషన్ వంటి ఏ సంబంధం ఉన్నా దాన్ని వీడియోలోనే, తేలికైన మాటల్లో, వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలో తెలపాలి. తెలుగు వీడియోలో 'ఇది ప్రకటన, మీరు కొంటే నాకు కమీషన్ వస్తుంది' అని ఒక్క వాక్యం స్పష్టంగా పెడితే చాలు. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచిపెడితే చెప్పినట్టు కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదారి పట్టించే ప్రచారానికి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా విధించవచ్చు. ముఖం కనిపించలేదన్నది మినహాయింపు కాదు.

వాడని వస్తువును వాడినట్టు చెప్పకూడదు. ప్రెషర్ కుక్కర్లు, హెల్మెట్లు, పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు లేనివాటిని చూపించకూడదు. జుట్టు మొలిపించే నూనెలు, షుగరు తగ్గించే పొడులు, అప్పులిచ్చే యాప్‌లు ఎక్కువ కమీషన్ ఆశ చూపుతాయి. వాటికి దూరంగా ఉండాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల సంగతి ఇంకా తీవ్రం. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం వాటి ప్రచారాన్ని నిషేధించింది. రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. అంతకుముందే, 2025 మార్చిలో, బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన పలువురు ఇన్‌ఫ్లుయెన్సర్లపై హైదరాబాద్‌లో పోలీసు కేసులు నమోదయ్యాయి.

పన్ను మాట

కమీషన్ ఎంత చిన్నదైనా ఆదాయమే. ఏడాదిలో కమీషన్ 20,000 రూపాయలు దాటితే చెల్లించేవారు 2 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. కంపెనీ ఉచితంగా పంపిన వస్తువును మనమే ఉంచుకుంటే దాని విలువ కూడా లెక్కలోకి వస్తుంది. ఒకే సంస్థ నుంచి ఏడాదిలో అలా అందినవాటి విలువ 20,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ ఉంటుంది. ఇవన్నీ ఏఐఎస్ అనే వార్షిక సమాచార నివేదికలో కనిపిస్తాయి. ఇలాంటి కమీషన్ వ్యాపార ఆదాయం కాబట్టి జీతగాళ్లు సాధారణంగా వేసే ఐటీఆర్-1 సరిపోదు. కొన్న వస్తువులు, లైటు, ట్రైపాడ్ బిల్లులు దాచుకుని, రిటర్ను వేసే ముందు పన్ను సలహాదారును అడగడం మంచిది.

అమెరికాలో చదువుకుంటున్న పిల్లలకు ఒక మాట. అక్కడ టిక్‌టాక్ షాప్ ఉంది, ఆకర్షణా ఎక్కువే. కానీ ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు అనుమతి లేకుండా సొంత పని చేసి సంపాదించడం కూడా అనధికార ఉపాధి కిందికి వచ్చే ప్రమాదం ఉంది. ముఖం కనిపించని వీడియో కోసం వీసాను పణంగా పెట్టకూడదు. తమ యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని ముందు అడగమని తల్లిదండ్రులు చెప్పాలి.

వల ఎక్కడ ఉంటుంది?

అసలైన అఫిలియేట్ పథకాల్లో చేరడానికి సాధారణంగా రుసుము ఉండదు. 'రిజిస్ట్రేషన్‌కు 2,000 కట్టండి', 'వీడియోలకు లైకు కొడితే రోజుకింత', 'మీ ఆదాయం విడుదల కావాలంటే ముందు డిపాజిట్ వేయండి' అని టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో ఎవరైనా అంటే అది మోసమే. ఇంకో రకం వల మనలాంటి ఇళ్లకు మరీ ప్రమాదం. 'మా కమీషన్ సొమ్ము మీ ఖాతాలో వేస్తాం, కొంత ఉంచుకుని మిగతాది ఫలానా ఖాతాకు పంపండి' అంటారు. అలా ఒప్పుకుంటే మన ఖాతా దొంగసొమ్ము దాటించే మ్యూల్ ఖాతా అవుతుంది. బ్యాంకు ఉద్యోగి కుటుంబానికి ఇంతకంటే తలవంపు లేదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆపే అవకాశం అంత ఎక్కువ.

మొదలుపెట్టాలనుకునేవారు ఈ వరుస పాటిస్తే చాలు. ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఉద్యోగి లేఖ రాసి బ్యాంకుకు తెలియజేయాలి. పని చేసేవారి పేరు మీద ఈ ఆదాయానికే విడిగా ఒక సేవింగ్స్ ఖాతా పెట్టుకోండి. ఇంట్లో వాడుతున్న మూడు వస్తువులు ఎంచుకుని పది వీడియోలు తీయండి. ప్రతి దానిలో ప్రకటన అన్న వాక్యం పెట్టండి. ఒక నోటుపుస్తకంలో చూసినవారు, లింకు నొక్కినవారు, కొన్నవారు, వెనక్కి పంపినవారు అని నాలుగు గళ్లు గీసి రాసుకోండి. ఆరు నెలల తర్వాత కొనసాగించాలో మానేయాలో ఆ నాలుగు గళ్లే చెబుతాయి.