కంప్యూటరు మేల్కొనుట

మీట నొక్కినంతనే కంప్యూటరునకు ఏమియు తెలియదు. లెక్కలు వ్రాసికొనుటకు పలకవంటిది దాని మెమొరీ. అదియు అప్పటికి సిద్ధముగ నుండదు. మదరుబోర్డుమీది చిన్న చిప్పులోనుండు 'బయాస్' అను ఆజ్ఞావళి ఆ పలకను సిద్ధపరచి, పిదప పెద్ద ప్రోగ్రామును పిలుచును. ఆ వ్రాత తయారీదారుల రహస్యము. యంత్రమును కొన్నవారికి చదువుటకైనను వీలులేదు.

అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో అనేక కంప్యూటర్లను జతపరచి ఒక్కటిగ పనిచేయించుచుండిరి. అట్టి వరుసలో ఒక యంత్రము కీబోర్డు లేదని మొరాయించినచో మనుష్యుడు పోయి సరిచేయవలెను. కీబోర్డు లేదనుచునే, కీబోర్డుమీట నొక్కుమని కోరు బయాసులును కలవు! వేగముగ మేల్కొని, తప్పులను తెలివిగ సర్దుకొను ఆజ్ఞావళి కావలెనని రాన్ మిన్నిచ్ మొదలగువారు 1999లో 'లినక్స్‌బయాస్' నారంభించిరి. దానిని ఎవరైనను చదివి దిద్దవచ్చును. 2008లో దానికి 'కోర్‌బూట్' అని పేరు మార్చిరి.

పని సులభము కాదు. పలక లేకయే పలకను సిద్ధపరుపవలెను గదా! అందుకై ప్రాసెసరులోని క్యాషీనే తాత్కాలికముగ పలకగా వాడుదురు. ఒక్క తప్పు దొర్లినచో తెర వెలుగదు. దోషమేదో చెప్పుటకు యంత్రమునకు నోరుండదు. అప్పుడు చిప్పునకు క్లిప్పు తగిలించి, వేరొక కంప్యూటరుతో మరల వ్రాయవలెను. నేడు పెక్కు క్రోమ్‌బుక్కులు కోర్‌బూటుతోనే మేల్కొనుచున్నవి. అయినను ఇటీవలి ఇంటెల్ యంత్రములందు మెమొరీని సిద్ధపరచు భాగము తయారీదారుల రహస్యముగనే యున్నది.