తలగాయం తరువాత ఆలస్యంగా వచ్చే మెదడు ఇన్ఫెక్షన్లు

తలకు గాయమైన తరువాత గాని, పుర్రె తెరచి శస్త్రచికిత్స చేసిన తరువాత గాని, కొన్ని వారాలకు, నెలలకు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలకు కూడా మెదడుకు ఇన్ఫెక్షన్ సోకవచ్చును. వీటిలో ముఖ్యమైనవి మెదడు పొరల వాపు (మెనింజైటిస్), మెదడులో చీముగడ్డ. పైగాయం మానినంత మాత్రాన ప్రమాదం పూర్తిగా తొలగినట్లు కాదు.

కారణాలు

పుర్రె అడుగుభాగపు ఎముక చిట్లినపుడు దానిని అంటివుండే మెదడు పొర కూడా చిరగవచ్చును. అపుడు మెదడు చుట్టూ ఉండే ద్రవం ముక్కు నుండి గాని, చెవి నుండి గాని నీరులా కారుతుంది. చాలామందిలో ఇది కొద్దిరోజులలో దానంతట అదే ఆగిపోతుంది. అయితే చిరుగు గట్టిగా మూసుకోకపోతే ముక్కులో ఉండే న్యూమోకోకస్ వంటి బాక్టీరియా ఆ దారిన లోనికి ప్రవేశిస్తుంది. మెదడులోనికి దిగిన ఎముక ముక్కలు, మట్టి వలన చీముగడ్డ ఏర్పడవచ్చును. శస్త్రచికిత్సలో అమర్చిన గొట్టాలపై, తిరిగి పెట్టిన ఎముకపై కొన్ని బాక్టీరియాలు నెమ్మదిగా పెరిగి, చాలాకాలానికి బయటపడతాయి.

చరిత్ర

1876లో గ్లాస్గోకు చెందిన విలియం మెకీవెన్ తలకు దెబ్బ తగిలిన ఒక బాలుని మెదడులో చీముగడ్డ ఎక్కడ ఉన్నదో లక్షణాలను బట్టి నిర్ణయించాడు. శస్త్రచికిత్సకు అనుమతి లభించలేదు. బాలుడు మరణించిన తరువాత జరిపిన పరీక్షలో ఆయన చెప్పిన చోటనే చీము కనిపించింది.

పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో

మార్కాపురం పలకల గనులకు ప్రసిద్ధి. గిద్దలూరు నుండి నంద్యాల వెళ్ళే రహదారి నల్లమల కనుమల గుండా సాగుతుంది. గని పనిలోను, ఘాట్ రోడ్డు ప్రయాణంలోను తలగాయాలకు అవకాశమున్నది. న్యూరోసర్జరీ విభాగాలున్న గుంటూరు, కర్నూలు ప్రభుత్వ వైద్యశాలలు ఇక్కడికి దూరం. అక్కడ చికిత్స పొంది ఊరు చేరిన వ్యక్తికి నెలల తరువాత జ్వరం వస్తే, చూసే వైద్యునికి పాత గాయం సంగతి తెలియకపోవచ్చును. అందుచేత డిశ్చార్జి కాగితాలను, స్కాన్ ఫిల్ములను భద్రపరచి, ఏ జ్వరానికైనా ముందుగా వాటిని చూపించాలి.

లక్షణాలు

జ్వరం, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకొనుట, మూర్ఛ, మగత, ఒకవైపు కాలుచేతుల బలహీనత. ముందుకు వంగినపుడు ఒక ముక్కురంధ్రం నుండి ఉప్పగా ఉండే నీరు కారితే దానిని జలుబుగా భావించరాదు.

చికిత్స, నివారణ

చీముగడ్డ అనుమానం ఉన్నపుడు ముందుగా స్కాన్ చేస్తారు. అంతకుముందే వెన్ను నుండి నీరు తీయుట ప్రమాదకరం. చీమును తీసివేసి, సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలు యాంటీబయాటిక్ మందులు ఇస్తారు. ద్రవం కారుట ఆగకపోతే చిరుగును శస్త్రచికిత్సతో మూసివేస్తారు. ఇటువంటివారికి న్యూమోకోకస్ టీకా వేయించుట మంచిది.