బండి బూటుకు అడుగు మార్చాలా, బూటే మార్చాలా?

పైతోలు గట్టిగానే ఉంటుంది, అడుగు మాత్రం నున్నగా అరిగిపోతుంది. దేవరాపల్లి నుంచి చోడవరానికో, రైవాడ జలాశయం వైపో రోజూ బండి మీద తిరిగేవాళ్లకు ఇది తెలిసిన సంగతే.

అడుగే ముందెందుకు అరుగుతుంది? బండి ఆపిన ప్రతిసారీ ఒక కాలు నేలకు ఆనిస్తాం. ఎప్పుడూ అదే కాలైతే ఆ బూటే ముందు పోతుంది. ఒంటి లివరు బండ్లలో గేరు పైకెత్తినప్పుడల్లా ఎడమ బూటు పైతోలు కూడా రాసుకుంటుంది. అక్కడ ముందుగానే తోలు ముక్క వేయించుకోవడం మంచిది.

వాడకుండా దాచిన బూటు అడుగు పొడిపొడిగా రాలుతుందెందుకు? అది పాలియురేతేన్ అడుగు. గాలిలోని తేమ దాని అణువుల గొలుసుల్ని మెల్లగా తెంపేస్తుంది. మన ఉక్కపోత ఆ పనిని తొందరపెడుతుంది. ప్లాస్టిక్ సంచిలో మూటకడితే తేమ లోపలే ఉండిపోతుంది. అలా రాలుతున్న అడుగుకి జిగురు రాసి లాభం లేదు, మొత్తం ఊడదీయాల్సిందే.

ఏ బూటుకు కొత్త అడుగు బాగా పడుతుంది? పైతోలుకీ అడుగుకీ మధ్య వెల్ట్ అనే పట్టీ వేసి కుట్టినదానికి. ఆ కుట్టు విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు, పైతోలుకు సూది తగలదు. రబ్బరును గంధకంతో గట్టిపరచే పద్ధతిని 1839లో కనుక్కున్న చార్లెస్ గుడ్‌ఇయర్ కొడుకు పేరు మీదనే ఈ కుట్టు ప్రసిద్ధమైంది. జిగురుతో అతికించిన బూటుకూ అడుగు మార్చవచ్చు. అచ్చులో నేరుగా పోత పోసినదానికి కష్టం. కొనేటప్పుడే ఈ సంగతి అడగండి.

అతికించడం ఎలా? పాత జిగురు గీకేయాలి, రెండు వైపులా గరుకుకాగితంతో రుద్దాలి, నూనె, పాలిష్ జాడ లేకుండా తుడవాలి. రెండింటికీ సొల్యూషన్ రాసి, తడి ఆరి వేలికి అంటనప్పుడు కలిపి సుత్తితో గట్టిగా కొట్టాలి. ఒక రోజు వాడకూడదు. ఫెవిక్విక్ లాంటివి ఎండాక బిరుసెక్కుతాయి, అడుగు వంగగానే పగులుతాయి.

టైరు ముక్క వేయించవచ్చా? టైరు చెప్పులు ఏళ్ల తరబడి నడిచేవి. కార్బన్ మసి కలిపిన రబ్బరు మరి, తొందరగా అరగదు. అయినా బండి బూటుకు నేను వద్దంటాను. అది సరిగా వంగదు, బ్రేకు మీద కాలికి పట్టు తెలియదు. మందం పెరిగితే గేరు లివరు కింద బూటు దూరదు. పాత అడుగంత మందమే ఉన్న, గాళ్లున్న రబ్బరు షీటు అడగండి.

ఇక చీలమండ దగ్గర తోలు పగిలినా, పడిపోయినప్పుడు కుట్లు తెగినా, లోపలి గట్టిదనం పోయినా అడుగు మీద డబ్బు పెట్టకండి. కాలును కాపాడేది ఆ భాగమే. అది బాగుంటే గాళ్లు పూర్తిగా చెరిగేలోపే చెప్పులు కుట్టే ఆయన దగ్గరకు తీసుకెళ్లండి. రెండు బూట్లకూ ఒకేసారి వేయించండి.